వాన చూసినాక

పోయిన కార్తీకంలో మూడు దినాల ముసురు.
మూడో రాత్రి
పోస్టాఫీసు మేడమ్ పట్టు రవిక గుడ్డ మీద
మిద్దె ఒక చుక్క రాల్చింది,
ఎర్రగా, టీ మరక మాదిరి.
గుడ్డకు గుడ్డ కొనిచ్చినా.
ఆమె మళ్ళీ నా గడప తొక్కలేదు.

రోహిణి కార్తెలో కుళ్లాయప్పను పిలిపిస్తి.
ఉరవకొండలో మట్టిమిద్దె మర్మం తెలిసినోళ్ళు
ఇద్దరే మిగిలినారు, రెండో ఆయనకు చూపు లేదు.
నిచ్చెన తెస్తాడనుకుంటే
చేతులూపుకుంటా లోపలికొచ్చి
"టైలరక్కా, లైటార్పు. కిటికీ మూయి" అన్నాడు.
చీకట్లో ఇద్దరం తలలెత్తి నిలబడితిమి.
పదేండ్లుగా దీని కిందనే కూచోని కుడతాండా,
నా నెత్తిన ఇన్ని సూదిబెజ్జాలున్నాయని
ఆ పొద్దే చూసినా.

నా మార్కింగు సుద్ద అడిగి తీసుకొని
స్టూలెక్కి దంతెల నడుమ సున్నాలు చుట్టినాడు.
"కారేది ఈడ. చిల్లుండేది ఆడ, మూడు మూరల అవతల.
నీళ్ళు దొంగ కాదక్కా, బాటసారి.
వాలు యాటు చూపిస్తే ఆటే పోతాది."

"పైన ఇంగింత చౌడు పోస్తే సరిపోదా?" అంటి.
అప్పుడాయన చూసిన చూపు నాకు తెలుసు,
మాసిక మీద మాసికెయ్యమని పాత రవిక తెచ్చినోళ్ళను
నేను చూసే చూపే.
"మీ మామ కాలం నుంచి జరిగింది అదే.
ఏడాదికొక పొర ఎక్కించినారు, దించినోడు లేడు.
ఈ దంతె నడుము చూడు,
నీళ్ళకు వంగలేదు, మన్నుకు వంగింది."

నాలుగు దినాలు గీకినాడు.
గంపలు గంపలుగా దిగింది పాత మన్ను.
దాంట్లో ఒక గాజు గోలీ,
మా ఆయనదో మా మరిదిదో, ఒక పాలపన్ను.
గవాచి చుట్టూ సున్నంలో బెల్లం నీళ్ళు కలిపి మెత్తినాడు.
పిట్టగోడ సందులో వేపమొలకను వేరుతో లాగి
నా చేతికిచ్చినాడు, నేనే నాటినట్లు.
వంక కాడి చౌడు జల్లెడ పట్టి, తడిపి, దిమ్మిసతో కొట్టి
ఆఖరికి ఒక్క చెంబు నీళ్ళడిగినాడు.
నడిమిద్దె మీద వంచి, గొంతుకూచోని,
అవి దోనె దాకా పోయేది చూసినాడు,
బడికి పంపిన పిల్లోణ్ణి మలుపు తిరిగేదాకా చూసినట్లు.

రెండు వేలు. ఇయ్యబోతే
"ఇప్పుడొద్దు. వాన చూసినాక ఇయ్యి" అన్నాడు.

మృగశిర పోయింది. ఆరుద్ర పోయింది.
మబ్బులు మా పడగకొండ దాకా వచ్చి
బళ్ళారి బస్సెక్కినట్లు మళ్ళుకుండె.
మిషను సొరుగులో, దారపుండల కింద
ఆ నోట్లు అట్లే.
దారిలో ఆపి ఇయ్యబోతిని ఒకసారి.
"ఊర్లో పదకొండు మిద్దెలు నాకు బాకీ.
ఒక్క మబ్బు మాట మీద నిలబడితే చాలు, షావుకారిని" అని నవ్వి
గాలి లేని సైకిలు తోసుకుంటా పోయినాడు.

అది చూడలేక
నాలుగు దినాలకొకసారి వచ్చే కొళాయి నీళ్ళు
ఒక బిందె పైకి మోసి కుమ్మరించినా.
కింద చుక్క లేదు.
పరుగున పోయి చెప్తే మొగం గంటు పెట్టుకున్నాడు.
"తాగే నీళ్ళక్కా అవి. వాన కాదు."

స్వాతిలో ఒక రాత్రి
పెనం మీద ఆవాలు పడినట్లు చప్పుడు.
లైటార్పి, సుద్ద సున్నా కింద అరచెయ్యి పట్టినా.
నూరు లెక్కపెట్టకముందే నిలిచిపాయె.
చెయ్యి పొడిగానే ఉంది.
పొద్దున దోనె కింద బొక్కెనలో
బొటనవేలు మునిగేన్ని నీళ్ళు.

బొక్కెన అట్లే ఎత్తుకొని, నోట్లు కొంగున ముడేసుకొని
కుళ్లాయప్ప ఇంటికి పోతి.
వేలు ముంచి చూసినాడు. మనసులో లెక్కేసినాడు.
రెండొందలు తీసుకొని
మిగతావి నా చేతిలోనే పెట్టినాడు.
"ఇది ఈ వానకు.
మిగిలింది మిగిలిన వానకు."

మేము మాట్లాడుకుంటా ఉంటే
నీళ్ళు వాళ్ళ కోడి తాగింది.